పెరగడానికి చోటు లేని ఊరు భద్రాచలం

జులై వచ్చిందంటే తెలుగు టీవీ ఛానెళ్ల అడుగున భద్రాచలం పేరు పక్కన ఒక అంకె పరిగెత్తడం మొదలవుతుంది. 36 అడుగులు, 41 అడుగులు, 43 దాటింది, మొదటి ప్రమాద హెచ్చరిక. శ్రీరామనవమికి ఒకసారి, వరదలకు ఒకసారి తప్ప మిగతా ఏడాదంతా ఈ ఊరు బయటివాళ్లకు పెద్దగా పట్టదు. ఊళ్లో ఉండేవాళ్లకు మాత్రం ఏడాది పొడుగునా ఒకటే సమస్య: చోటు. ఒక పక్క గోదావరి, మిగతా పక్కలన్నీ పొరుగు రాష్ట్రం ఆంధ్రప్రదేశ్, ఉన్న కాస్త నేల మీదా ఏజెన్సీ భూమి చట్టం. 2011 జనగణనలో దాదాపు 50 వేల జనం తేలిన ఈ ఊరు ఎటు జరగాలన్నా ఏదో ఒక హద్దు అడ్డం వస్తుంది. ఆ హద్దుల్లో ఒక్కటి కూడా ఈ ఊరి బాగోగులు చూసి పెట్టింది కాదు.

ముందు ఏటి సంగతి. గోదావరి పరీవాహక ప్రాంతం మొత్తం 3,12,812 చదరపు కిలోమీటర్లు. అందులో పది వంతుల్లో దాదాపు తొమ్మిది వంతులు భద్రాచలానికి ఎగువనే ఉన్నాయి. విదర్భలో కురిసిన వాన వార్ధా, వైన్‌గంగల మీదుగా ప్రాణహితలో కలిసి కాళేశ్వరం దగ్గర గోదావరిలోకి వస్తుంది. బస్తర్ నీళ్లను ఇంద్రావతి తెస్తుంది. చర్ల వైపు నుంచి తాలిపేరు కలుస్తుంది. ఇన్ని నీళ్లూ కలిసి భద్రాచలం రేవు దాటాలి. అందుకే ఊళ్లో ఎండ కాస్తున్నా కరకట్ట అవతల ఏరు పెరుగుతుంటుంది. ఇక్కడి వరదకు, ఇక్కడి వానకు సంబంధం చాలా తక్కువ.

ఎగువ నుంచి వచ్చేది సగం కథే. దిగువన దాదాపు యాభై కిలోమీటర్ల దూరంలో కూనవరం దగ్గర శబరి గోదావరిలో కలుస్తుంది. ఒడిశా, ఛత్తీస్‌గఢ్ అడవుల్లో వానలు పడి శబరి కూడా అదే సమయంలో పొంగితే, గోదావరి నీరు ముందుకు వేగంగా పోలేక వెనక్కి ఎగదన్నుతుంది. ఇంకా కిందికి పోతే పాపికొండలు. భద్రాచలం వంతెన దగ్గర కిలోమీటరుకు పైగా వెడల్పున్న ఏరు అక్కడ కొండల మధ్య కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. పై నుంచి వచ్చినంత నీరు ఆ సందులోంచి అంత తొందరగా పోదు. వరద ఒకటి రెండు రోజుల్లో తీసెయ్యకుండా భద్రాచలాన్ని పట్టుకుని కూర్చోవడానికి ఇది ఒక ముఖ్య కారణం.

టీవీలో కనిపించే అంకెలకు ఊళ్లో వేరే అర్థాలున్నాయి. 43 అడుగులంటే దాదాపు తొమ్మిదిన్నర లక్షల క్యూసెక్కుల ప్రవాహం. అప్పటికే స్నానఘట్టాలు మునిగిపోతాయి, కల్యాణకట్ట వైపు జనాన్ని పోనివ్వరు. 48 అడుగుల దగ్గర రెండో హెచ్చరిక. అప్పటికి కూనవరం, చర్ల దారుల్లో పల్లపు చోట్లకు నీళ్లు ఎక్కడం మొదలవుతుంది. 53 దగ్గర మూడోది, ప్రవాహం పద్నాలుగు లక్షల పైమాట. అప్పుడు లోతట్టు కాలనీల వాళ్లను పునరావాస కేంద్రాలకు తరలిస్తారు. రికార్డు 1986 ఆగస్టు 16న వచ్చిన 75.6 అడుగులు. ఆ తర్వాత 1990లో 70.8, 2006లో 66.9 అడుగులు నమోదయ్యాయి. 2022 జులై 16న 71.3 అడుగులకు చేరినప్పుడు దాదాపు 24 లక్షల క్యూసెక్కులు వెళ్లాయి. మామూలుగా పెద్ద గోదావరి ఆగస్టులో వస్తుందని ఊరి లెక్క. 2022లో జులై నెల సగంలోనే రావడంతో ఆ లెక్క తప్పింది. వంతెన మీద రాకపోకలు కూడా ఆపేశారు.

1986 వరద తర్వాత కట్టిన కరకట్ట ఊరిని చాలావరకు కాపాడింది. 2022లో కట్ట లేకపోతే నష్టం ఊహకు అందదు. కానీ కట్ట ఒక సమస్యను ఆపి ఇంకో సమస్యను లోపల పెట్టింది. ఊళ్లో మురుగు, వాన నీరు అన్నీ సహజంగా ఏటివైపే పారతాయి. ఏరు కట్టకు ఆనుకుని పెరిగినప్పుడు తూముల తలుపులు మూసెయ్యాలి. మూస్తే లోపలి నీటికి దారి ఉండదు, అది గుడి కింద ఉన్న విస్తా కాంప్లెక్స్ దగ్గర, పల్లపు కాలనీల్లో నిలుస్తుంది. తూములు లీకైతే గోదావరే లోపలికి వస్తుంది. మోటార్లు పెట్టి నీటిని కట్ట మీదుగా బయటికి తోడడం వరదలప్పుడు మామూలు దృశ్యం. అంటే ఏరు కట్ట దాటకపోయినా ఊరు మునగొచ్చు. రామాలయం గుట్ట మీద ఉంది కాబట్టి గర్భగుడికి భయం లేదు, చుట్టూ ఉన్న సత్రాలు, దుకాణాలకే ఆ భయం. దాదాపు మూడు వందల యాభై ఏళ్ల కిందట కంచర్ల గోపన్న గుడి కట్టించిన చోటుకు, ఈ కాలంలో ఇళ్లు కట్టుకున్న చోట్లకు తేడా అక్కడే తెలిసిపోతుంది.

దీనికి దిగువన ఆంధ్రప్రదేశ్‌లో గోదావరి మీద కడుతున్న పోలవరం తోడైంది. ప్రాజెక్టు పూర్తి నీటిమట్టం సముద్రమట్టానికి 150 అడుగుల ఎత్తు. అది భద్రాచలం గేజిపై దాదాపు 43 అడుగులకు సరిపోతుందని, అంటే ఇవాళ మొదటి హెచ్చరికగా చెప్పుకుంటున్న మట్టం రేపు మామూలు మట్టం అవుతుందని తెలంగాణ వాదన. అప్పుడు తూములు వరదలప్పుడే కాకుండా నెలల తరబడి మూసి ఉంచాల్సి వస్తుందన్నది ఆ వాదనలో అసలు భయం. వరదను ముందే వదిలేలా స్పిల్‌వే గేట్లు నడుపుతామన్నది ఆంధ్రప్రదేశ్ వైపు జవాబు. స్పిల్‌వేను 50 లక్షల క్యూసెక్కులకు రూపొందించారు కూడా. వెనుక నీటి లెక్క మీద రెండు రాష్ట్రాలకూ ఏకాభిప్రాయం లేదు. ఆ లెక్క తేలేదాకా భద్రాచలంలో ఏ పల్లంలో ఇల్లు కట్టుకోవచ్చో, ఎక్కడ కట్టుకోకూడదో గట్టిగా చెప్పగలిగేవాళ్లు లేరు.

హద్దుల కథ ఇంతకంటే చిక్కు. గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ తాలూకాను 1860లో నిజాం బ్రిటిష్ వాళ్లకు వదులుకున్నాడు. అప్పట్లో ఇది సిరొంచ కేంద్రంగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్ జిల్లాలో చేరింది. 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు మారింది. తర్వాత తూర్పు గోదావరి. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. 1959లో ఖమ్మం జిల్లాలో కలిపారు. 2014లో తెలంగాణ, 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. ఊరు కదలకుండా ఉన్నచోటే ఉంది, పైనున్న బోర్డులే మారుతూ వచ్చాయి. 1959కి ముందు తూర్పు గోదావరిలో ఉందన్న ఒక్క కారణంతో రాష్ట్ర విభజన సమయంలో భద్రాచలం ఎవరిదన్న గొడవ రేగింది.

ఆ గొడవ తేలిన పద్ధతే ఇప్పటి ఇబ్బందికి మూలం. పోలవరం ముంపు ప్రాంతం, నిర్వాసితుల పునరావాసం ఒకే రాష్ట్రం చేతిలో ఉండాలన్న కారణంతో 2014లో ఖమ్మం జిల్లా నుంచి కుక్కునూరు, వేలేరుపాడు, కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలనూ, బూర్గంపాడులో కొన్ని గ్రామాలనూ, భద్రాచలం మండలాన్నీ ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ఒక్క భద్రాచలం రెవెన్యూ గ్రామాన్ని మాత్రం మినహాయించారు. గుడి తెలంగాణకు, చుట్టూ ఉన్న మండలం ఆంధ్రకు అన్నమాట. ఫలితంగా ఇవాళ భద్రాచలం మండలం అంటే ఒకే ఒక్క ఊరు.

పటం చూస్తే దీని అర్థం బాగా తెలుస్తుంది. ఊరి చివరి వీధి దాటితే ఎటపాక, ఆంధ్రప్రదేశ్. పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు కూడా అంతే. భద్రాచలం నుంచి తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్ల మండలాలకు పోవాలంటే మధ్యలో ఆంధ్రప్రదేశ్ నేల దాటాలి. రామాలయానికి ఉన్న భూముల్లో పెద్ద ముక్క, దాదాపు 890 ఎకరాలు, పురుషోత్తపట్నంలో ఉంది. దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన భూమి ఇంకో రాష్ట్రంలో. ఆ భూమిలో ఆక్రమణలు తొలగించాలన్నా దేవస్థానం వాళ్లు పొరుగు రాష్ట్రం రెవెన్యూ, పోలీసుల మీద ఆధారపడాలి. ఊళ్లో రోజూ పోగయ్యే చెత్తదీ అదే కథ. పోసుకోవడానికి ఊరి పరిధిలో ఖాళీ స్థలం లేదు, పక్క గ్రామాలు వేరే రాష్ట్రం కాబట్టి ఒప్పుకోవు, చివరికి ఏటి ఒడ్డే దిక్కవుతోంది. ఎగువన తాగే నీరు తీసుకుని దిగువన చెత్త పోసే ఊళ్లు దేశంలో చాలానే ఉన్నాయి, కాకపోతే ఇక్కడ రోజూ వేల మంది పుణ్యస్నానాలు చేసేది కూడా ఆ ఒడ్డునే.

50 వేలు ఎవరు?

జనాభా లెక్క చెప్పేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. 2011 తర్వాత జనగణన జరగలేదు. 2021లో జరగాల్సింది వాయిదా పడి 2027కు వచ్చింది. కాబట్టి ఆ 50 వేలు విభజనకు ముందు లెక్క. అప్పటికి మండలం ముక్కలు కాలేదు, పోలవరం నిర్వాసితులు కదలలేదు. ఈ పదిహేనేళ్లలో ముంపు గ్రామాల నుంచి, ఛత్తీస్‌గఢ్ వైపు నుంచి వచ్చి చేరినవాళ్లెందరో, ఇక్కడ చోటు దొరక్క అవతలి ఒడ్డున సారపాకకు, కొత్తగూడెం వైపుకు మారినవాళ్లెందరో ఆ అంకెలో కనబడదు.

ఊళ్లో ఉండేది ఎక్కువగా గిరిజనేతరులు. ఊరి చుట్టూ ఉన్నది కోయలు, కొండరెడ్ల ప్రాంతం. కోస్తా జిల్లాల నుంచి పొగాకు, మిరప సాగుకు వచ్చినవాళ్లు, కలప వ్యాపారం మీద వచ్చినవాళ్లు, గుడిని ఆనుకుని దుకాణాలు, సత్రాలు పెట్టుకున్నవాళ్లు, ఉద్యోగాల మీద వచ్చి ఉండిపోయినవాళ్లు తరాల వారీగా చేరుతూ పట్టణం తయారైంది. 1965లో గోదావరి మీద వంతెన వచ్చాక ఈ చేరిక ఊపందుకుంది. అంతకుముందు బూర్గంపాడు వైపు నుంచి పడవ ఎక్కి ఏరు దాటాలి, లేదా రాజమండ్రి నుంచి పాపికొండల మీదుగా లాంచీలో రావాలి. 1970ల చివర్లో అవతలి ఒడ్డున సారపాకలో కాగితం మిల్లు మొదలైంది. దాంతో చుట్టుపక్కల మెట్ట భూముల్లో జామాయిల్ తోటలు పెరిగాయి, ఊరికి జీతాల మీద బతికే కొత్త వర్గం తోడైంది. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో మావోయిస్టులకు వ్యతిరేకంగా నడిచిన సల్వాజుడుం హింస నుంచి పారిపోయి వచ్చిన గుత్తికోయలు చర్ల, దుమ్ముగూడెం అడవుల్లో గూడేలు వేసుకున్నారు. వాళ్లకు ఆసుపత్రి, సంత, ఆఫీసు అన్నీ భద్రాచలమే.

అసలు గమనించాల్సింది ఇదే. ఇక్కడి ఏరియా ఆసుపత్రికి ఎటపాక, చింతూరు, కూనవరం నుంచి వస్తారు, ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ నుంచి వస్తారు, ఒడిశాలోని మల్కన్‌గిరి నుంచి కూడా వస్తారు. నాలుగు రాష్ట్రాల మారుమూల అడవికి దగ్గర్లో ఉన్న పెద్ద ఊరు ఇదొక్కటే. విజయవాడ నుంచి జగదల్‌పూర్, రాయ్‌పూర్ వైపు పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఊరి మధ్యలోంచే పోతుంది. నవమికి, ముక్కోటికి వచ్చే యాత్రికుల సంగతి వేరే. మంచాలు, మందులు, మంచినీళ్లు, పారిశుధ్య సిబ్బంది మాత్రం మంజూరయ్యేది ఊరి జనాభాను బట్టి. వాడుకునేవాళ్లు ఒక లెక్క, నిధులు ఇంకో లెక్క. చిన్న ఊరు అనే మాట భద్రాచలానికి కాగితాల మీదే సరిపోతుంది.

50 వేల మంది గ్రామం

ఇంత జనం ఉన్నా ఇది పంచాయతీయే. దీని కంటే చాలా చిన్న ఊళ్లు తెలంగాణలో మున్సిపాలిటీలయ్యాయి. కారణం రాజ్యాంగంలో ఉంది. మున్సిపాలిటీలకు సంబంధించిన 9ఎ భాగం షెడ్యూల్డ్ ప్రాంతాలకు, అంటే భద్రాచలం లాంటి ఏజెన్సీకి, వర్తించదని 243జెడ్‌సి అధికరణం చెబుతోంది. పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తేనే వర్తింపజేయొచ్చు. పంచాయతీల విషయంలో 1996లో, ఏజెన్సీ గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం వచ్చింది. మున్సిపాలిటీల కోసం 2001లో బిల్లు పెట్టారు కానీ అది చట్టం కాలేదు. అదే ఉమ్మడి ఖమ్మం జిల్లాలో మణుగూరును మున్సిపాలిటీ చేసినా ఏళ్ల తరబడి ఎన్నికలు జరగలేదు, అధికారుల పాలనే నడిచింది. ఆ అనుభవం చూశాక భద్రాచలంలో మున్సిపాలిటీ కావాలనేవాళ్లకు, వద్దనేవాళ్లకు ఇద్దరికీ వాదనలు దొరుకుతాయి. పంచాయతీగా ఉంటే సర్పంచి పదవి గిరిజనులకు రిజర్వు అవుతుంది, గ్రామసభకు పెసా అధికారాలు ఉంటాయి. మున్సిపాలిటీ అయితే నిధులు, ఇంజినీర్లు, ప్లానింగ్ విభాగం వస్తాయి, ఎన్నికైన పాలకవర్గం వస్తుందన్న నమ్మకం మాత్రం లేదు.

2022 చివర్లో ఊరిని మూడు పంచాయతీలుగా విడగొట్టాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఒకే కాలువ, ఒకే కరకట్ట, ఒకే నీళ్ల ట్యాంకులున్న ఊరిని మూడు ముక్కలు చేయడం వల్ల ఏం మేలో ఎవరికీ అర్థం కాలేదు. వ్యతిరేకత వచ్చింది, తర్వాత మళ్లీ ఒకే పంచాయతీగా ఉంచారు. సమస్య పంచాయతీ పెద్దదవడం కాదు, పట్టణం చేయాల్సిన పనులకు పంచాయతీ చేతిలో సత్తువ లేకపోవడం.

ఇక భూమి. 1959 నాటి భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించారు, వాడుకలో 1/70 చట్టం అంటారు. దీని ప్రకారం ఏజెన్సీలో భూమిని గిరిజనులకే అమ్మాలి. గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మడం కూడా చెల్లదు. పొరుగు జిల్లాల పెట్టుబడికి ఆదివాసీల భూమి కరిగిపోకుండా ఆపడానికి తెచ్చిన ఈ చట్టం లేకపోతే, ఈ పాటికి గోదావరి ఒడ్డు మొత్తం ఎవరి చేతుల్లో ఉండేదో చెప్పడానికి పెద్ద ఊహ అక్కర్లేదు. చట్టం ఉద్దేశంలో తప్పు లేదు. కానీ అదే చట్టం కింద ఒక పట్టణం పెరిగినప్పుడు ఏమవుతుందన్న ప్రశ్నకు ఎవరూ జవాబు రాసిపెట్టలేదు. ఊళ్లో ఇళ్లు చేతులు మారుతూనే ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఉండదు కాబట్టి స్టాంపు కాగితాల మీద, నోటరీల మీద మారుతున్నాయి. అలాంటి కాగితం పట్టుకుని పోతే బ్యాంకులో ఇంటి లోను దొరకడం కష్టం. లోను లేకపోతే వడ్డీ వ్యాపారి. లాభపడేది ఎక్కువ డబ్బు, ఎక్కువ పలుకుబడి ఉన్నవాళ్లు, చట్టం ఎవరిని కాపాడాలనుకుందో ఆ కోయ కుటుంబం ఊరి మధ్యలో ఎప్పుడో కనబడకుండా పోయింది.

పక్కకు పెరగలేని ఊరు పైకి పెరుగుతుంది. గుడి చుట్టుపక్కల వీధుల్లో లాడ్జీలు, అపార్టుమెంట్లు ఆ పనే చేస్తున్నాయి. 2025 మార్చిలో కడుతున్న బహుళ అంతస్తుల భవనం ఒకటి కూలి కార్మికులు చనిపోయారు. అంత ఎత్తు కట్టడాన్ని పరిశీలించి ఆపగల సాంకేతిక సిబ్బంది పంచాయతీకి ఉండరు. ఆ ఘటనను కట్టినవాళ్ల నిర్లక్ష్యంగా మాత్రమే చూస్తే సరిపోదు. కింద భూమి హక్కు తేలని ఊళ్లో, చేతిలో ఉన్న ముక్క మీదే ఎన్ని అంతస్తులు పడితే అన్ని లేపాలన్న తొందర ఉంటుంది.

ఇప్పుడు ఊరి మీద కొత్త ఒత్తిళ్లు వస్తున్నాయి. 2024లో గోదావరి మీద రెండో వంతెన వాడుకలోకి వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం మల్కన్‌గిరి నుంచి భద్రాచలం మీదుగా పాండురంగాపురం వరకు 173 కిలోమీటర్ల రైలు మార్గానికి ఆమోదం తెలిపింది. ఇన్నాళ్లూ భద్రాచలం రోడ్ అనే స్టేషన్‌లో దిగినవాళ్లు అది నలభై కిలోమీటర్ల దూరంలో కొత్తగూడెంలో ఉందని తెలిసి బిత్తరపోయేవాళ్లు, ఆ ఇబ్బంది తీరవచ్చు. 2027లో గోదావరి పుష్కరాలున్నాయి. వంతెన, రైలు, పుష్కరాలు మూడూ జనాన్ని తెచ్చేవే, వచ్చినవాళ్లను దింపుకోవడానికి నేల మాత్రం పెరగదు. 2022 వరద తర్వాత ముంపు కాలనీలను ఎత్తైన చోటికి మార్చడానికి, కరకట్ట పనులకు వెయ్యి కోట్లు ఇస్తామని అప్పటి ముఖ్యమంత్రి ఊరికి వచ్చి ప్రకటించారు. ఆ ఎత్తైన చోటు ఎక్కడన్న ప్రశ్న దగ్గరే ఆ ప్రకటన తడబడింది. ఊరి పరిధిలో అంత ఖాళీ భూమి ఉంటే ఈ కథే లేదు.

అందుకే ఎటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి తెలంగాణలో కలపాలన్న డిమాండ్ పదేళ్లుగా వినబడుతోంది. ఇది సమంజసమైన డిమాండే, పార్లమెంటు చట్టసవరణ చేస్తే అయ్యే పనే. కాకపోతే దాని వల్ల తీరేవి ఏవో, తీరనివి ఏవో వేరు చేసి చూసుకోవాలి. చెత్త వేసుకునే చోటు దొరుకుతుంది. దేవుడి భూమి, దేవుడి గుడి ఒకే కలెక్టరు కిందికి వస్తాయి. చర్ల బస్సు సరిహద్దు దాటకుండా చర్ల చేరుతుంది. ఇళ్ల స్థలాల కరవు మాత్రం తీరదు, ఎందుకంటే ఆ ఐదు గ్రామాలూ ఏజెన్సీవే, అక్కడా 1/70 చట్టమే ఉంది, ఆ భూములు ఆదివాసీలవి. రాష్ట్రం హద్దు జరిపినంత తేలిగ్గా ఆ గీతను జరపడం కుదరదు, జరపకూడదు కూడా. వాటిలో పల్లపు నేల ఎంతో, ఎక్కడివరకు మునుగుతుందో తేలాలంటే పోలవరం వెనుక నీటి సర్వే రెండు రాష్ట్రాలూ ఒప్పుకునేలా ముందు జరగాలి.